పట్టీ సాగితే నొప్పి ఆగుతుందా?

మాఘ, ఫాల్గుణ మాసాలలో మీరు ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే బస్సు ఎక్కారనుకోండి. కిటికీ పక్క సీటు దొరికితే మీ అదృష్టం. దారి పొడుగునా కల్లాలలో ఎర్ర తివాచీలు పరచినట్లు మిరపకాయలు ఎండుతుంటాయి. ఆ ఘాటుకు తుమ్మనివాడు ఉండడు. కల్లాల వెనక తోటలలో తలగుడ్డలు చుట్టుకొని, నడుము వంచి కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. వారిలో ఈ ప్రాంతం వాళ్ళే కాదు, పక్కనున్న ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి కూలికి వచ్చిన కుటుంబాలు కూడా ఉంటాయి.

ఆ పని ముగిసీ ముగియకముందే ఎండలు ముదిరి తునికాకు కాలం వస్తుంది. తెల్లవారుజామునే అడవికి వెళ్ళి, పొట్టి తునికి పొదల మీదికి వంగి ఆకు కోయాలి. యాభై ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. లెక్క వెయ్యండి: ఒక సంచికి యాభై వేల ఆకులు! అన్నిసార్లు వంగి లేచిన నడుము సాయంత్రానికి ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఆకు కోసే వాళ్ళుంటే వాళ్ళనే అడగండి. నేను రాయడంకన్నా వాళ్ళు బాగా చెబుతారు.

నొప్పి పెద్దవాళ్ళ సొత్తే కాదు. బడిలో కబడ్డీ ఆడి మోకాలు పట్టేసినవాళ్ళు, ఖోఖో ఆడుతూ మడమ మడతపడినవాళ్ళు మీలోనూ ఉంటారు. టీవీలో కబడ్డీ, బ్యాడ్మింటన్ పోటీలు చూసేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. కొందరు ఆటగాళ్ళ మోకాళ్ళ మీద, భుజాల మీద నీలం, గులాబి, నలుపు రంగుల పట్టీలు అంటించి ఉంటాయి. గాయానికి వేసిన కట్టులా లేవు. అలంకారమా అంటే అదీ కాదు. అవి సాగే జిగురు పట్టీలు. కండరాల నొప్పి, కీళ్ళ నొప్పి తగ్గిస్తాయని చెప్పి అమ్ముతున్నారు. ఇప్పుడు అవి పట్టణాల మందుల దుకాణాలలోనూ దొరుకుతున్నాయి. అయిదు సెంటీమీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉండే ఒక చుట్టకు కొన్ని వందల రూపాయలు అవుతుంది.

మిరప తోటలో కూలి చేసే తల్లి నడుముకు ఈ పట్టీ కొనాలా? రేపు మండల స్థాయి పోటీ ఉంది, ఇవాళ మోకాలు నొప్పిగా ఉంది, పట్టీ వేసుకొని ఆడేయవచ్చా? ఇవి ఉత్త ప్రశ్నలు కావు. మొదటిదానిలో కష్టపడి సంపాదించిన డబ్బుంది, రెండవదానిలో మీ మోకాలుంది. కనుక ఈ పట్టీ సంగతి కొంచెం లోతుగా చూద్దాం.

కట్టు కట్టడం కొత్త కాదు

నొప్పి ఉన్నచోట ఏదో ఒకటి కట్టడం మనకు పాత అలవాటే. బెణికితే ఆముదం ఆకో, వావిలాకో వెచ్చచేసి కట్టేవారు. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేసేవారు. ఎముక విరిగితే చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరు కట్టుకు మన రాష్ట్రాలలోనే కాక తమిళనాడులోనూ పేరుంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు దాని సరంజామా. ఇప్పుడు ఎముక విరిగినవాళ్ళు ముందు ఎక్స్‌రే తీయించుకొని డాక్టరుకు చూపించాలన్నది వేరే మాట. ఇక్కడ మనం గమనించవలసింది ఆ కట్టు వెనకనున్న ఆలోచన. బద్ద పెట్టి కట్టామంటే అర్థం ఏమిటి? కదలవద్దని!

డాక్టర్లు వాడే పాత తెల్ల జిగురు పట్టీ ఉద్దేశం కూడా అదే. గట్టి నూలు గుడ్డ మీద రబ్బరు జిగురు, జింక్ ఆక్సైడ్ పూసిన ప్లాస్టరు 1899 నాటికే అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అది సాగదు. బెణికిన మడమ చుట్టూ దానిని వరసలు వరసలుగా అంటిస్తే మడమ పక్కకు ఒరగడం తగ్గుతుంది. ఒకసారి మడమ బెణికిన క్రీడాకారులు ఇటువంటి గట్టి పట్టీ గాని, మడమ తొడుగు గాని వాడితే మళ్ళీ బెణికే ప్రమాదం తగ్గుతుందని పరీక్షలలో బాగానే తేలింది. కాబట్టి పట్టీలన్నీ వట్టివే అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఇక సాగే పట్టీ ఆలోచన దీనికి సరిగ్గా వ్యతిరేకం. కదలికను ఆపకూడదు, కాని కండరానికి ఏదో ఊతం దొరకాలి. ఈ ఆలోచన కెంజో కాసే అనే జపాను దేశస్థునిది. ఎముకల, వెన్నుపూసల స్థానాలను చేతులతో సరిచేస్తామనే కైరోప్రాక్టిక్ అనే పద్ధతిని ఆయన అమెరికాలో చదువుకున్నాడు. 1970లలో ఎన్నో రకాల గుడ్డలు, జిగుర్లు ప్రయత్నించి, 1979లో తన పట్టీని తయారుచేశాడు. చర్మం అంత పలచగా ఉండాలి, చర్మంలా సాగాలి, చెమట పట్టినా ఊడకూడదు. ఇవీ ఆయన పెట్టుకున్న నియమాలు.

చాలా ఏళ్ళు ఆ పట్టీని జపానులోనే ఎక్కువగా వాడారు. 2008లో చైనా రాజధాని బీజింగ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద సాలెపురుగు కాళ్ళలాగా పరచుకొన్న నల్లపట్టీ టీవీలో లోకమంతటికీ కనిపించింది. ఆమె జట్టుకు బంగారు పతకం వచ్చింది. 2012 యూరో కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌లో జర్మనీ మీద గోలు కొట్టి, చొక్కా విప్పి బొమ్మలా నిలబడ్డ ఇటలీ ఆటగాడు మారియో బాలొటెల్లి వీపు మీద నీలం పట్టీలు కనిపించాయి. ఇంతకన్నా గొప్ప ప్రకటన ఏ కంపెనీకి దొరుకుతుంది? గోలు కొట్టింది పట్టీ కాదు కదా అని ఎవరూ అడగలేదు!

పట్టీలో ఏముంది?

ఒక ముక్క దొరికితే చేతిలోకి తీసుకొని చూడండి. నూలు గుడ్డ, అందులో సాగే పోగులు ఉంటాయి. చాలా కంపెనీలు ఈ పోగులకు స్పాండెక్స్ వాడతాయి. ఇది 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన కృత్రిమ పోగు. మీ ఆటల నిక్కర్లలోనూ అదే ఉంటుంది. పట్టీని పొడుగువైపు లాగండి, సాగుతుంది. అడ్డంగా లాగండి, సాగదు. పది సెంటీమీటర్ల ముక్క సుమారు పదిహేను సెంటీమీటర్ల దాకా సాగుతుంది, వదిలితే మళ్ళీ వెనక్కు వస్తుంది.

వెనకవైపు కాగితం ఒలిచి చూస్తే జిగురు పూర్తిగా పరచి ఉండదు. అలలు అలలుగా గీతలు ఉంటాయి. ఆ గీతల సందుల్లోంచి చెమట ఆవిరై పోతుంది. ఈ జిగురు ఎక్రిలిక్ జాతికి చెందినది. అంటించిన తరువాత అరచేతితో రుద్దితే వేడికి మెత్తబడి చర్మం గరుకులలోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. మూడు నుంచి అయిదు రోజులు ఉంటుంది, స్నానం చేసినా ఊడదు. రంగుల సంగతి అడుగుతారేమో. నీలం చల్లబరుస్తుందనీ, ఎరుపు వేడి చేస్తుందనీ కొందరు చెబుతారు. రంగు రంగే! అంతకుమించి అందులో ఏమీ లేదు.

చర్మానికి అంటుకొని, చర్మాన్ని పాడుచేయని జిగురు దొరకడం అంత తేలిక కాదు. ఇక్కడ మన అడవిని ఒకసారి తలచుకోవాలి. భద్రాచలం చుట్టూ రాతిగుట్టల మీద తపసి చెట్టు పెరుగుతుంది. ఎండాకాలం ఆకులన్నీ రాల్చి, తెల్లని నున్నని మానుతో వెన్నెల్లో దయ్యంలా నిలబడుతుంది. ఇంగ్లీషువాళ్ళు దానికి దయ్యపు చెట్టు అనే పేరే పెట్టారు! దాని మానుకు గాటు పెడితే కారే బంకను ఆదివాసులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మడం ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆ సంస్థ పుట్టింది 1956లో. ఈ బంక నీళ్ళు పీల్చుకొని ఎన్నో రెట్లు ఉబ్బి, మెత్తగా, జిగటగా తయారవుతుంది. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అంటిపెట్టుకోవడానికి దీని పొడి వాడతారు. పేగుకు ఆపరేషన్ చేసి పొట్ట మీద దారి పెట్టిన రోగులకు, ఆ దారి చుట్టూ చర్మం ఒరిసిపోకుండా ఇదే బంకను పూయవచ్చునని 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే శస్త్రవైద్యుడు చూపించాడు. ఆ రోగులకు అది ఎంత మేలు చేసిందో చెప్పలేం. ఆటగాళ్ళ పట్టీలో తపసి బంక ఉండదు, కాని చర్మానికి హాని చేయకుండా అంటుకొనే జిగురు గుట్ట మీది చెట్టులోనూ ఉందని తెలిసి ఉంటే మంచిదే కదా!

నడుము ఒక గడ్డపార

సరే, పట్టీ సాగుతుంది, అంటుకుంటుంది. ఇంతకీ అది కండరం బరువును మోయగలదా? ఇది తేల్చడానికి ఆసుపత్రి అక్కరలేదు. మీ భౌతికశాస్త్రం పుస్తకం చాలు.

గడ్డపారతో బండరాయిని లేపడం మీరు చూశారు. ఆధారం రాయికి దగ్గరగా ఉంటే కొద్ది బలంతో పెద్ద రాయి కదులుతుంది. నడుము విషయంలో అది తిరగబడుతుంది. యాభై కిలోల బరువున్న ఒకామె నడుము పూర్తిగా వంచి మిరపకాయలు ఏరుతున్నదనుకోండి. నడుముకు పైనున్న మొండెం, తల, చేతులు కలిపి సుమారు 30 కిలోలు ఉంటాయి. ఆ బరువు కేంద్రం నడుము కీలుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దానిని పట్టి ఉంచే వీపు కండరాలు కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. లీవరు సూత్రం ప్రకారం 30ని 30తో హెచ్చించి 5తో భాగించండి. 180 వచ్చిందా? అంటే చేతిలో ఒక్క మిరపకాయ లేకపోయినా వీపు కండరాలు, వాటితోబాటు వెన్నును పట్టి ఉంచే గట్టి నారలు సుమారు 180 కిలోల బరువును మోస్తున్నంత బలంతో లాగాలన్నమాట!

ఇప్పుడు సాగే పట్టీని తీసుకొని సగం పొడవు సాగదీసి చూడండి. రెండు చేతుల వేళ్ళ బలం చాలు. 180 కిలోల లాగుడు ముందు ఆ వేళ్ళ బలం ఏపాటి? పట్టీ కండరానికి బదులుగా పనిచేస్తుందనీ, బరువు మోస్తుందనీ ఎవరైనా చెబితే నమ్మకండి. లెక్క ఒప్పుకోదు.

ఈ లెక్కలోనే ఒక మంచి సంగతి కూడా దాగి ఉంది. ఆ 30 సెంటీమీటర్లను తగ్గించండి, కండరం మీది భారం దామాషాగా తగ్గిపోతుంది. నడుము బదులు మోకాళ్ళు వంచి బరువును ఒంటికి దగ్గరగా ఎత్తుకోమనేది అందుకే. మన అడవి గూడేల్లో కావడి చూశారుగా? రెండు వైపులా సమానమైన బరువు, నిలువుగా ఉన్న ఒంటి మీద భుజం, నడుము ముందుకు వంగనక్కరలేదు. కావడి చేసినవాడు లీవరు సూత్రం చదవలేదు గాని దానిని మనకంటే బాగా వాడాడు.

చెక్‌పోస్టు కథ

బరువు మోయకపోతే మరి పట్టీ అంటించుకొన్నవాళ్ళలో కొందరు హాయిగా ఉందని ఎందుకు చెబుతారు? అబద్ధం చెబుతున్నారా? కాదు.

గూటం తగిలి బొటనవేలు చితికితే ముందు మీరు చేసే పని ఏమిటి? దానిని చేతితో గట్టిగా పట్టుకొని రుద్దుతారు. కొంత ఉపశమనం కలుగుతుంది. ఎందుకని? 1965లో కెనడాకు చెందిన రొనాల్డ్ మెల్జాక్, ఇంగ్లండుకు చెందిన పాట్రిక్ వాల్ దీనికి ఒక సమాధానం చెప్పారు. దానిని ద్వార సిద్ధాంతం అనవచ్చు.

మన చర్మం నుంచి, కండరాల నుంచి వెన్నుపాముకు వార్తలు మోసే నాడీతంతువులు అన్నీ ఒకలాంటివి కావు. స్పర్శ వార్తలు తెచ్చేవి లావుగా ఉంటాయి. వాటిలో వార్త సెకనుకు సుమారు 50 మీటర్లు పరుగెత్తుతుంది. సలుపు, మంట వంటి నొప్పిని తెచ్చేవి బాగా సన్నగా ఉంటాయి. వాటి వేగం సెకనుకు ఒక మీటరు ప్రాంతం. మీ పాదం నుంచి నడుము దాకా ఒక మీటరు దూరం అనుకుంటే, స్పర్శ వార్త సెకనులో యాభయ్యో వంతులో చేరుతుంది. సలుపు వార్త చేరడానికి పూర్తిగా ఒక సెకను పడుతుంది. కాలికి రాయి తగిలినప్పుడు ముందు తగిలిందని తెలిసి, ఆ తరువాత అసలు బాధ మొదలు కావడం ఇందుకే. ఈసారి తగిలినప్పుడు గమనించండి, కావాలని మాత్రం తగిలించుకోకండి!

ఈ రెండు రకాల వార్తలూ వెన్నుపాములో ఒక గేటు దగ్గర కలుసుకుంటాయని మెల్జాక్, వాల్ చెప్పారు. భద్రాచలం దారిలో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది చూడండి, అటువంటిదన్నమాట. స్పర్శ వార్తలు గుంపుగా వచ్చి పడితే గేటు దగ్గరి నాడీకణాలు నొప్పి వార్తలను కొంత ఆపుతాయి. మెదడుకు చేరే నొప్పి తగ్గుతుంది. పైనుంచి మెదడు కూడా గేటు మూయమనో తెరవమనో కబురు పంపగలదు. అందుకే ఆట మధ్యలో తగిలిన దెబ్బ ఆట అయిపోయాక గాని తెలియదు. ఆ తరువాతి పరిశోధనలలో గేటు నిర్మాణం వాళ్ళు గీసిన బొమ్మకన్నా చాలా చిక్కుగా ఉందని తేలింది గాని, స్పర్శ నొప్పిని అణచగలదన్న అసలు మాట నిలబడింది.

సాగే పట్టీ చేసే పని ఇదే కావచ్చునని చాలామంది శాస్త్రజ్ఞుల ఊహ. కదిలినప్పుడల్లా అది చర్మాన్ని కొద్దిగా లాగుతుంది. ఆ లాగుడు స్పర్శ వార్తగా వెళుతుంది. కాసే చెప్పిన కారణం మాత్రం వేరు. పట్టీ చర్మాన్ని ముడతలు ముడతలుగా పైకి లేపుతుందనీ, దాని కింద ఖాళీ పెరిగి రక్తం, శోషరసం బాగా ప్రవహిస్తాయనీ, అందువల్ల నొప్పి, వాపు తగ్గుతాయనీ ఆయన చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. నిజమో కాదో తేల్చడం ఎలా?

ముడత పట్టీ, చదును పట్టీ

ఒక పట్టీ అంటించి, వారం తరువాత నొప్పి తగ్గిందా అని అడిగితే తేలదు. నడుము నొప్పి చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్నాం, డాక్టరుగారు శ్రద్ధగా అంటించారు, తగ్గుతుందన్న నమ్మకంతోనే కొంత తగ్గుతుంది. ఇది మనోభ్రాంతి అని చిన్నచూపు చూడకండి. ఇందాక చెప్పిన గేటుకు మెదడు నుంచి కబుర్లు వస్తాయని గుర్తుందా? కనుక పట్టీ గొప్ప ఎంతో, నమ్మకం గొప్ప ఎంతో విడదీయాలి.

బ్రెజిల్ దేశపు పరిశోధకులు ఈ పనిని చక్కగా చేశారు. దీర్ఘకాలంగా నడుము నొప్పితో బాధపడుతున్న 148 మందిని తీసుకొని, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు పట్టీని కాసే చెప్పినట్లు కొద్దిగా సాగదీసి, చర్మం మీద ముడతలు పడేలా అంటించారు. రెండవ జట్టుకు అదే పట్టీని, అదే చోట, ఏమీ సాగదీయకుండా చదునుగా అంటించారు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. ముడతల సిద్ధాంతం నిజమైతే మొదటి జట్టుకు నొప్పి బాగా తగ్గాలి కదా? రెండు జట్లకూ తగ్గింది! రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

అదే సంవత్సరం, రకరకాల కండరాల, కీళ్ళ నొప్పుల మీద అంతవరకు జరిగిన 12 ప్రయోగాలను, మొత్తం 495 మంది ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఉత్తుత్తి పట్టీకన్నా అసలు పట్టీ మెరుగు కాదనో, మెరుగైనా రోగికి పనికివచ్చేంత పెద్ద మేలు కాదనో తేలింది. కనుక ముడతల కథను పక్కన పెట్టవచ్చు. చర్మం మీద ఏదో ఒకటి అంటి ఉండటం వల్ల, నమ్మకం వల్ల కొందరికి కొన్నాళ్ళు హాయి. అంతవరకే.

మరి నడుము నొప్పికి ఏది మంచిది? ప్రపంచంలో 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రతి పదముగ్గురిలో ఒకరు! 2023 డిసెంబరులో ఆ సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి సూచనలు విడుదల చేసింది. వ్యాయామం, నొప్పి గురించి రోగికి తెలియజెప్పడం వంటివి మంచివని అంది. నడుము పటకాలు, బెల్టులు మామూలుగా వాడవద్దని అంది. తోటలో రోజంతా వంగే మనిషితో వ్యాయామం చేయమంటే ఆమె నవ్వుతుంది, నిజమే. కాని గంటకొకసారి లేచి నడుము వెనక్కు వంచడం, ఏరిన కాయలను పెద్ద మూటకు బదులు రెండు చిన్న మూటలుగా మోయడం, కాయలు వేరుచేసే పనికి నేల మీద కాక ఎత్తుపీట మీద కూర్చోవడం, వీటికి ఖర్చేమీ లేదు. అంత వ్యవధి ఇవ్వవలసింది పని చేయించేవాళ్ళు.

మిరపకాయ తెరిచిన తలుపు

నొప్పి మందు కోసం జపాను దాకా వెళ్ళాం గాని, ఒక మందు ఖమ్మం మార్కెట్ యార్డులోనే బస్తాల్లో ఉంది. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థం పేరు కాప్సైసిన్. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం అది మన నాడుల చివర ఏ ప్రోటీనును తాకుతుందో కనిపెట్టింది. విచిత్రమేమంటే, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకొనేది కూడా ఆ ప్రోటీనే! అంటే కారం నిజంగానే నాలుకకు నిప్పులా తోస్తుంది. స్పర్శను పసిగట్టే ప్రోటీనులను ఆర్డెమ్ పటపూటియన్ 2010లో కనుగొన్నాడు. ఇద్దరికీ కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పట్టీ తట్టేది ఒక తలుపు, మిరపకాయ తట్టేది పక్క తలుపు. పక్షులలో ఈ ప్రోటీను కొద్దిగా వేరు, దానిని కాప్సైసిన్ తాకలేదు. మిరపపండ్లు తిన్న చిలక ఎందుకు కేకలు పెట్టదో ఇప్పుడు తెలిసిందా?

కాప్సైసిన్ మొదట మంట పెడుతుంది. అదే పనిగా తగిలిస్తే ఆ నాడి చివరలు అలసి, కొంతకాలం మొద్దుబారిపోతాయి. అప్పుడు నొప్పి వార్తలూ తగ్గుతాయి. పంతొమ్మిదవ శతాబ్దం చివరలోనే అమెరికాలో మిరపసారం కలిపిన ప్లాస్టర్లు నడుము నొప్పికి అమ్మేవారు. ఇప్పుడు కొద్దిపాటి కాప్సైసిన్ కలిపిన పూతమందులు ఉన్నాయి. కొన్ని రకాల నాడుల నొప్పికి 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికాలో అనుమతించారు, దానిని వైద్య సిబ్బంది చేతి తొడుగులు వేసుకొని అంటించాలి. అంతేగాని ఇంట్లో కారం నూరి మోకాలికి పట్టించకండి, బొబ్బలు లేస్తాయి. అన్నట్లు, కాయలు ఏరినవాళ్ళ చేతులు మండితే ఉత్త నీళ్ళతో పోదు. కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి.

రేపటి పోటీ సంగతి

ఇక మోకాలు నొప్పితో పోటీకి సిద్ధమైన మీ సంగతి. నొప్పి కాపలాదారు. పట్టీ వేస్తే అది ఒకవేళ నోరు మూసుకున్నా లోపలి దెబ్బ ఎక్కడికీ పోదు. మోకాలు వాచినా, కాలు మోపలేకపోయినా, కీలు పట్టు తప్పినట్లు జారుతున్నా ఆ రోజు ఆడకూడదు. మడమ బెణికితే మొదటి రోజు చల్లని గుడ్డ వేసి, సాగే గుడ్డకట్టు మరీ బిగించకుండా కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. మంచుగడ్డ దొరకకపోతే కుండ నీళ్ళలో తడిపిన గుడ్డ చాలు. దెబ్బ ఏమీ తగలకుండా జ్వరంతో కీళ్ళు వాచి, నొప్పి ఈ కీలు నుంచి ఆ కీలుకు మారుతుంటే ఏ పట్టీ జోలికీ పోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అది గుండెను పాడుచేసే కీళ్ళవాతపు జ్వరం కావచ్చు, అది ఎక్కువగా మీ వయసు పిల్లలకే వస్తుంది. పుండు మీద, దద్దురు మీద పట్టీ అంటించకూడదు. అంటించాక దురద పెడితే తీసేయాలి. తీసేటప్పుడు ఒక్క గుంజున లాగకండి. కొబ్బరినూనె రాసి, అయిదు నిమిషాలు ఆగి, వెంట్రుకలు వాలిన వైపుగా, చర్మాన్ని వేలితో నొక్కి పట్టుకొని మెల్లగా ఒలవాలి.

ఈ పట్టీ దొరకనివాళ్ళు మామూలు ప్లాస్టరు ముక్కతోనే ఒక ప్రయోగం చేయవచ్చు. మోకాలి పక్కన అంటించుకొని, గడియారం చూసి, కదలకుండా కూర్చొని చదువుకోండి. ప్లాస్టరు ఉన్నదన్న సంగతి ఎన్ని నిమిషాలకు మరచిపోయారో రాసుకోండి. నాడులు మారని స్పర్శను పట్టించుకోవడం మానేస్తాయి, ఒంటి మీది చొక్కాను మరచిపోయినట్లే. ఇప్పుడు లేచి పదిసార్లు గుంజిళ్ళు తీయండి. మరచిపోయిన ప్లాస్టరు ఎన్నో గుంజీకి మళ్ళీ తెలిసింది? మీ తరగతిలో పదిమంది చేత చేయించి ఆ అంకెలు ఒక పట్టికగా రాసి చూడండి.